చేతికీ నుదుటికీ మధ్య నేను

ఆ ఇంట్లో నేను చెప్పిన మొదటి అబద్ధం నీళ్ళ గురించి.

బందరులో మేం ఆ ఇంట్లో దిగిన రోజు పొద్దున్నే ఇంటాయన పనిమనిషి నూతిలోంచి నీళ్ళు తోడి, మా వాటా గుమ్మం ముందున్న డ్రమ్ములో పోసింది. పోసేటప్పుడు తన బిందె మా డ్రమ్ముకి తగలకుండా జానెడు పైకెత్తి పోసింది. నేను పనిచేసే అమ్మగారు అది చూసి మురిసిపోయింది. "ఎంత మంచివాళ్ళో! అడక్కుండానే నీళ్ళు కూడా తోడి పెడుతున్నారు. మా దేశంలో చుట్టాలు కూడా ఇంత చెయ్యరు" అంది.

నాకు ఒళ్ళు మండింది. ఆ నూతిని ఆవిడ ముట్టుకోకూడదు, నేనైతే దాని గట్టు కూడా ఎక్కకూడదు, ఆ మర్యాదంతా అందుకే అని చెప్పాలి. చెప్పలేదు. "అవునండీ, చాలా మంచివాళ్ళు" అన్నాను.

ఎందుకన్నానో చెప్తాను. చెప్పుకుంటే నా తప్పు పోతుందని కాదు. ఇన్నేళ్ళైనా ఆ కోపం గొంతులోంచి దిగలేదు, అందుకని.

అయ్యగారు వరి పంట మీద పెద్ద చదువు చదివిన మనిషి. ఫిలిప్పీన్స్ దేశం. కొత్తరకం పొట్టి వరి మన డెల్టాలో ఎలా పండుతుందో చూడ్డానికి ఆయన్ని పంపారు. పొద్దున్నే జీపెక్కి మొవ్వ, చల్లపల్లి వైపు పొలాలకి పోతే మళ్ళీ దీపాలు పెట్టే వేళకి వచ్చేవాడు. రైతులు ఆ పొట్టి మొక్కల్ని చూసి, "ఈ గడ్డి మా గేదెకి ఒక్క పూటక్కూడా చాలదండీ" అని నవ్వేవారట. ఆయనా నవ్వేవాడట. ఆయనతో భార్య, ఎనిమిదేళ్ళ కూతురు, చంకలో చంటిపిల్ల వచ్చారు.

మా అమ్మ మొవ్వ దగ్గర పొలాల్లో నాట్లు వేసేది. నేను బందరులోనే మిషన్ బోర్డింగులో ఉండి ఎనిమిదో తరగతి దాకా చదివాను. లెక్కల్లో తప్పి ఇంటికొచ్చేశాను. ఇంటికొస్తే ఏముంది, అమ్మ పక్కన బురదలో వంగాను. రెండేళ్ళు వంగాను. అప్పుడు మా పాస్టరుగారు కబురు పెట్టారు, ఇంగ్లీషు ముక్కలొచ్చిన ఆడపిల్ల కావాలట, వంటలో సాయం చెయ్యాలి, బజారులో ఇరుగుపొరుగుతో వాళ్ళ తరఫున మాట్లాడాలి అని. నాకొచ్చిన ఇంగ్లీషు ఎంతని! అమ్మగారి ఇంగ్లీషు కూడా అరువుదే. రెండు అరువు ఇంగ్లీషులూ కలిసి ఎలాగో నెట్టుకొచ్చాం. కానీ వారం తిరక్కుండానే ఆవిడంటే నాకు ప్రాణం అయిపోయింది. నన్ను పక్కన కూచోబెట్టుకుని అన్నం పెట్టింది మరి. పెద్దింట్లో ఒక బల్ల దగ్గర కూచుని తినడం నా జన్మలో అదే మొదలు.

ఇక ఇల్లు. ఫారిన్ ఆఫీసరు కుటుంబంతో వస్తున్నాడనగానే బందరులో ముగ్గురు పోటీలు పడి ఇల్లిస్తామన్నారట. దొరంటే తెల్లగా, పొడుగ్గా, టోపీ పెట్టుకుని దిగుతాడనుకున్నారు. తీరా జీపులోంచి దిగింది మా చిన్నాన్న రంగు మనిషి, మా చిన్నాన్నంత ఎత్తు మనిషి. అంతే, మొదటాయనకి చెల్లెలి పెళ్ళి కుదిరింది. రెండో ఆయన ఇంటికి పైకప్పు కారడం మొదలెట్టింది. మూడో ఇంటావిడ మాత్రం దాచుకోలేదు. అమ్మగారి వైపు చూసి నవ్వుతూనే నన్నడిగింది, "దొరలన్నారు గదే? వీళ్ళేంటి, బర్మా నుంచి పారిపోయొచ్చిన కాందిశీకుల్లా ఉన్నారు?"

"ఏమంటోంది?" అంది అమ్మగారు.

"ఇల్లు మీకు చాలదంటోందండీ" అన్నాను.

మూడు వారాలు ట్రావెలర్స్ బంగళాలో ఉన్నారు. ఇక ఖాళీ చెయ్యమన్నారు. అప్పుడు నాలుగో ఇల్లు దొరికింది. కోర్టులో గుమాస్తా చేసే ఆయనది. భార్య పోయింది, తల్లీ తనూ ఒక వాటాలో ఉంటారు, రెండో వాటా ఖాళీ. ఎవరో పెద్దాఫీసరు చెప్తే కాదనలేక ఒప్పుకున్నాడు. ఆ రోజు అయ్యగారు భార్యతో అన్న మాట నా ముందే, ఇంగ్లీషులోనే అన్నాడు. "ఇదే ఆఖరు. ఈ ఇల్లు కూడా పోతే నిన్నూ పిల్లల్నీ మద్రాసులో ఓడెక్కించేస్తాను. నేనొక్కణ్ణీ ఏ పొలం గట్టునైనా పడుకుంటాను." అమ్మగారు ఏడ్చింది. పెద్దపిల్లకి అప్పుడే కాన్వెంటులో సీటొచ్చింది. నీలం గౌను కుట్టించాం.

ఆ ఇల్లు నిలబడితే వాళ్ళుంటారు. పోతే వాళ్ళు ఓడెక్కుతారు, నేను మళ్ళీ బురదలోకి దిగుతాను. అందుకే నీళ్ళ గురించి అబద్ధం ఆడాను. తర్వాత చేపల గురించి ఆడాను.

వాళ్ళు పొద్దున్నే అన్నం తింటారు. రాత్రి మిగిలిన అన్నాన్ని వెల్లుల్లిపాయ వేసి నూనెలో వేయించి, పక్కన ఎండు నెత్తళ్ళు వేపుకుని తింటారు. గిలకలదిండి నుంచి చేపలామె గంపలో తెచ్చేది. మొదటిరోజు ఆ వాసనొస్తే మా ఇంట్లో ఉన్నట్టు నాకు కడుపు నిండిపోయింది. సముద్రాలు దాటొచ్చిన దొరలు మా తిండే తింటున్నారని ఒకటే నవ్వొచ్చింది. నవ్వు పూర్తి కాలేదు, ఇంటాయన గుమ్మం దగ్గరికొచ్చాడు.

"ఏమ్మాయ్, ఏవిటా కంపు? రొట్టె, గుడ్లు తింటారనుకుని ఇచ్చాం. మీ పేటలో కంపంతా పట్టుకొచ్చి నా ఇంట్లో పెడతారని తెలిస్తే ఇచ్చేవాణ్ణా? చెప్పు వాళ్ళకి."

మీ పేట. వాళ్ళ దేశం పేరు కూడా అనలేదు. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినా నెత్తళ్ళు తింటే మా పేటవాళ్ళే అయిపోయారు. తెల్లతోలు మనిషి అదే వంటింట్లో గొడ్డుమాంసం వండుకుంటే ఈయన కిటికీ మూసుకుని, "వాళ్ళ అలవాట్లు వాళ్ళవి" అని గొప్పగా చెప్పుకునేవాడు. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే నా చేతిలో ఏముంటే అది విసిరెయ్యాలనిపిస్తుంది.

అమ్మగారితో, "చేపల వాసనకి పిల్లులొస్తున్నాయటండీ, కిటికీ మూసి వేపుకోమంటున్నారు" అన్నాను. ఆవిడ కిటికీ మూసి, ఆ పొగలో దగ్గుతూ వేపింది.

ఆ తర్వాత చేతుల సంగతి.

వాళ్ళ దేశంలో ఒక పద్ధతుంది. పిల్లలు పెద్దవాళ్ళు కనపడితే వాళ్ళ కుడిచెయ్యి అందుకుని, వంగి, ఆ చేతి వెనక భాగాన్ని తమ నుదుటికి ఆనించుకుంటారు. బడికెళ్ళేటప్పుడూ, వచ్చేటప్పుడూ, కొత్తవాళ్ళింటికెళ్ళినా అంతే. చెయ్యకపోతే తప్పు పిల్లది కాదు, తల్లి పెంపకం బాగాలేదంటారట. మా అమ్మ ఒకసారి నన్ను చూడ్డానికి వస్తే ఆ పిల్ల పరుగెత్తుకొచ్చి మా అమ్మ చెయ్యి తీసుకుని నుదుటికి పెట్టుకుంది. మా అమ్మ ఉలిక్కిపడి చెయ్యి లాక్కుంది. "అయ్యో తల్లీ, గోళ్ళనిండా బురదమ్మా" అంది. వెళ్ళేటప్పుడు మటుకు నా చెవిలో, "ఇంకొక్కసారి పెట్టమనవే" అని సిగ్గుపడింది.

ఇంటాయన తల్లిని అందరూ మామ్మగారు అనేవారు. డెబ్భై దాటిన మనిషి. మడి కట్టుకుని వంట చేసుకుని, సాయంత్రం అరుగు మీద కూచుని ఒత్తులు చేసుకునేది. మేం దిగిన మొదటి సోమవారం నాలుగున్నరకి పిల్ల బడినుంచి వచ్చింది. సంచీ కింద పెట్టింది. తిన్నగా అరుగెక్కి మామ్మగారి చెయ్యి అందుకుని నుదుటికి ఆనించుకుంది.

మామ్మగారు పాము కరిచినట్టు లేచింది. "రామ రామ! ఓసి నీ దుంప తెగ, తాకేశావేవిటే!" అంటూ నూతి దగ్గరికి పోయి, కట్టుకున్న చీరతోనే నాలుగు చేదలు నెత్తిన కుమ్మరించుకుంది. పిల్ల బిక్కచచ్చిపోయి నా వైపు చూసింది.

"మామ్మగారు ఎందుకు నీళ్ళు పోసుకుంటోంది?"

"ఎండమ్మా. ఎండకి ఒళ్ళు మండుతుంది ఆవిడకి."

"ఇప్పటిదాకా కూచునే ఉందిగా. నేను తాకితేనే ఎందుకు మండింది?"

"నువ్వు ఎండలోంచి వచ్చావు గదా. నీ చేతులు వేడిగా ఉన్నాయి."

అబద్ధం చెప్పేవాళ్ళు పిల్లలకి చెప్పకూడదు. పెద్దవాళ్ళైతే విని ఊరుకుంటారు. పిల్లలు ఆ అబద్ధానికి తగ్గట్టు నడుచుకుంటారు. మర్నాడు ఆ పిల్ల బడినుంచి వచ్చి, వేపచెట్టు నీడలో పావుగంట నిలబడింది. లోపలికొచ్చి సబ్బుతో చేతులు రుద్ది రుద్ది కడుక్కుంది. చల్లబడ్డాయో లేదో బుగ్గలకి ఆనించి చూసుకుంది. అప్పుడు అరుగెక్కింది. మామ్మగారు మళ్ళీ నాలుగు చేదలు.

మూడోరోజు మామ్మగారు చేతులు రెండూ పమిటలో దాచుకుంది. "వద్దే తల్లీ, తాకకే, నీకు పుణ్యముంటుంది" అని బతిమాలింది. పిల్లకి ఆ మాటలు దీవెనల్లా వినపడ్డాయేమో, పమిట కింద చెయ్యి పెట్టి మరీ వెతికి పట్టుకుంది. అప్పుడు మామ్మగారు నా మీద పడింది.

"ఏవే, నోట్లో బెల్లం ముక్కుందా? చెప్పవేమే ఆ పిల్లకి!"

"చెప్పానండీ మామ్మగారూ. చిన్నపిల్ల, మర్చిపోతోంది."

అదిగో, రెండు వైపులా అబద్ధాలే. ఇటు ఎండ, అటు మతిమరుపు. మధ్యలో నేను. రోజూ సాయంత్రం నాలుగున్నరకి వీధిలో కాపు కాసేదాన్ని. ఏదో వంకన పిల్లని వెనక దారిన తీసుకురావాలని చూసేదాన్ని. వారంలో మూడురోజులు నా వంక పారేది, మిగతా రోజులు అది పెంపకం గల పిల్లలాగే అరుగెక్కేది. ఇలా మూడు నెలలు గడిచాయి. మార్గశిరం వచ్చింది. సాయంత్రంపూట చన్నీళ్ళ స్నానాలకి మామ్మగారికి జ్వరం తగిలింది.

ఇంటాయన నన్ను పిలిచాడు. ఆయన మెట్టు మీద, నేను కింద.

"చూడమ్మాయ్, నేను చదువుకున్నవాణ్ణి. నాకు ఇలాంటి పట్టింపులేం లేవు. అమ్మ ముసలిది. ఆవిడ ప్రాణం మీదికి తెచ్చుకోలేను గదా. పది రోజులు టైమిస్తున్నాను. ఇల్లు చూసుకోమను."

"మీరే చెప్పండి బాబుగారూ. మీకు ఇంగ్లీషొచ్చు గదా?"

"ఫైళ్ళలో రాయడం వేరు, మొహం మీద చెప్పడం వేరు. నువ్వున్నది దానికేగా. మర్యాదగా చెప్పు. వాళ్ళు నొచ్చుకోకూడదు."

విన్నారా? వాళ్ళు నొచ్చుకోకూడదు. వీధిలో పెట్టచ్చు గానీ నొచ్చుకోకూడదు. పట్టింపుల్లేని మనిషి నాతో అరగంట మాట్లాడాడు, ఒక్క మెట్టు కిందికి దిగలేదు.

నేను అమ్మగారికి చెప్పలేదు. ముందు ఇంకో ఇల్లు దొరుకుతుందేమోనని మా పెదనాన్న వరసాయన దగ్గరికి పరుగెత్తాను. ఆయన మా చర్చి సంఘానికి పెద్ద. మా ప్రార్థన గుడి పక్కనే ఆయన పెంకుటిల్లు, రెండు గదులు తాళం వేసి ఉన్నాయి. మనవాళ్ళే గదా, ఇలాంటి గొడవలుండవనుకున్నాను.

"ఇస్తానే, ఇవ్వకేం" అన్నాడు. "గానీ వాళ్ళింట్లో మరియమ్మ బొమ్మ ఉందంట? ముందు కొవ్వొత్తి వెలిగిస్తారంట?"

"ఉంది పెదనాన్నా. వాళ్ళ దేశంలో అందరూ అంతేనంట."

"అది విగ్రహారాధనే. గుడి పక్కన పెట్టుకుని సంఘానికి ఏం జవాబు చెప్పను? ఆ బొమ్మ తీసేయించు, రేపే తాళం ఇస్తా."

"పెదనాన్నా, మీ తాతని ఊళ్ళో గుడి మెట్టెక్కనివ్వలేదనే గదా మనం ఈ మతంలోకొచ్చింది? ఇప్పుడు మీరు మెట్టు కట్టుకుని కూచున్నారా?"

"నోరు ముయ్యి. ఎనిమిదో క్లాసు తప్పిన మొహానికి బోధలొకటి."

తిరిగొస్తూ కోనేరు సెంటర్లో నడిరోడ్డు మీద నిలబడి ఏడ్చాను. ఏడుపు కాదది, కోపం. అరవడానికి ఎవరూ లేక కళ్ళలోంచి వచ్చింది.

ఆ కోపంలోనే నేను చెయ్యకూడని పని చేశాను.

ఆ పిల్లని పెరట్లోకి తీసుకెళ్ళి బొగ్గుతో నేల మీద గీత గీశాను. "మామ్మగారు అక్కడ కూచుంది అనుకో. నువ్వు ఇక్కడ ఆగాలి. రెండు చేతులూ జోడించాలి. గీత దాటకూడదు" అన్నాను.

"ఇంత దూరం నుంచి పెడితే, ఎవరికి పెడుతున్నానో ఆవిడకెలా తెలుస్తుంది?"

"తెలుస్తుంది. ఇక్కడ అంతే."

"చెయ్యి ఎప్పుడు తీసుకోవాలి?"

"తీసుకోకూడదు. ఏదైనా పెడితే దోసిలి పట్టు. పైనుంచి వేస్తుంది. ఆవిడ వేళ్ళు నీకు తగలకూడదు."

గీత ఎక్కడ గియ్యాలో కొలుచుకోవలసిన పని నాకు లేదు. నా కాళ్ళకి తెలుసు. నడక నేర్చిన దగ్గర్నుంచి వాటికి తెలుసు. ఆ పిల్ల చురుకైంది. నాలుగు సార్లు తప్పు చేసింది, అయిదోసారికి వచ్చేసింది. "భలే చేశావు" అన్నాను. ఆ మాట అన్న నోటిని ఏం చెయ్యాలి?

మర్నాడు సాయంత్రం మామ్మగారు జ్వరం తగ్గి అరుగు మీదికొచ్చింది. పిల్ల సంచీ దించి, సరిగ్గా అక్కడ ఆగి, చేతులు జోడించింది. మామ్మగారి మొహం చింకి చాటంత అయింది. "ఓరి నా తల్లే! ఎంత బాగా నేర్చుకుందే! ఒరేయ్, రా, చూడు!" అని కొడుకుని కేకేసింది. లోపల్నుంచి మినపసున్నుండ తెచ్చి, ఆ చిన్న దోసిట్లోకి జానెడు పైనుంచి జారవిడిచింది. ఇంటాయన నాతో, "ఇంక ఖాళీ చెయ్యక్కర్లేదు. ఉండమను" అని పెద్ద దానం చేసినట్టు చెప్పి లోపలికి పోయాడు.

ఇల్లు నిలబడింది. నాకు పండగలా ఉండాలి. కానీ ఆ సున్నుండ పిల్ల చేతిలో పడ్డ చప్పుడు నా నెత్తిన పడ్డట్టయింది. వెనక్కి తిరిగితే కిటికీలో అమ్మగారు నిలబడి ఉంది.

"అలా పైనుంచి ఎందుకు వేసింది?" అంది నేను లోపలికి రాగానే.

"పెద్దావిడ గదండీ, వంగలేదు."

"నీకూ అలాగే వేస్తుంది. మొన్న అరటిపండు వేస్తే కింద పడింది. నువ్వు ఏరుకున్నావు. పనిమనిషి నీళ్ళు కూడా అలాగే పోస్తుంది. నా కూతురు మూడు నెలల నుంచి ఆవిడ చెయ్యి పట్టుకుంటోంది, ఇవాళ పట్టుకోలేదు. ఎవరు నేర్పారు?"

ఇక నా దగ్గర ఎండ లేదు, పిల్లులు లేవు. అన్నీ చెప్పేశాను. నుయ్యి, చేపలు, స్నానాలు, జ్వరం, పది రోజుల గడువు, పెదనాన్న, బొగ్గు గీత. ఏడుస్తూ చెప్పాను. ఆవిడ ఏడవలేదు. చంటిపిల్లని నా చేతుల్లోంచి తీసుకుంది.

"పద. నేను ఆవిడతో మాట్లాడాలి. నేనేమంటే అది చెప్పు, ఆవిడేమంటే అది చెప్పు. ఒక్క మాట తియ్యగా చేసినా నాకు తెలిసిపోతుంది."

మామ్మగారు అరుగు మీదే ఉంది. అమ్మగారు కింద నిలబడి అడిగింది. "నా కూతురు మీ నూతిలో పడితే, మీరొక్కరే ఇంట్లో ఉంటే, చెయ్యి పట్టుకుని పైకి లాగుతారా?"

నేను అలాగే చెప్పాను. మామ్మగారికి ఆ ప్రశ్నే వింతగా అనిపించింది. "అదేం మాటే! లాగనా? పసిపిల్ల ప్రాణం పోతుంటే చూస్తూ కూచుంటానా? నా నడుం విరిగినా లాగుతాను" అంది. ఒక్క క్షణం ఆగి, "లాగి, ఆనక స్నానం చేస్తాను" అంది.

అది కూడా చెప్పాను. అమ్మగారు తలూపింది. అప్పుడు నా భుజం మీద చెయ్యేసి, "ఈ అమ్మాయి పడితే?" అంది.

ఆ ప్రశ్నని నా నోటితో నేనే అడిగాను. "నేను పడితేనో మామ్మగారూ?"

మామ్మగారు నన్ను ఎగాదిగా చూసింది. కోపం లేదు, ఎకసెక్కం లేదు. నిజంగానే ఆలోచించింది. "నిన్ను లాగడానికి మీవాళ్ళెవరో ఒకళ్ళు వస్తార్లే" అంది.

నేను ఇంగ్లీషులో చెప్పాను. ఒక్క ముక్క వదల్లేదు. అమ్మగారి చెయ్యి నా భుజం మీద బిగుసుకుంది.

"మేం వెళ్ళిపోతున్నామని చెప్పు."

చెప్పాను. ఆ మాటకి ఇంటాయన బయటికొచ్చాడు. "ఏవిటే నువ్వు చెప్తున్నది? ఉండమన్నానుగా! ఆవిడ అలా అనుండదు. లేనిపోనివన్నీ నువ్వే కల్పిస్తున్నావు" అని నా మీదికి లేచాడు.

"ఇంగ్లీషొచ్చు గదా బాబుగారూ, మీరే అడగండి."

ఆయన అమ్మగారి మొహం చూశాడు. మెల్లిగా లోపలికి పోయాడు. మామ్మగారు మాత్రం ఏమీ అర్థం కాక, "ఎందుకే వెళ్ళడం? పిల్ల అంత చక్కగా నేర్చుకుంటేనూ!" అంటూనే ఉంది.

ఆ రాత్రి అయ్యగారు ఓడ మాట ఎత్తాడు. అమ్మగారు ఎక్కనంది. చల్లపల్లిలో బియ్యం మిల్లు వాళ్ళు గోడౌను మీద రెండు గదులిచ్చారు. ఎలుకలు, ఊక దుమ్ము. కాన్వెంటు లేదు. నీలం గౌను పెట్లోకి పోయింది. నాలుగు రోజుల్లో జీపుకి సామాన్లెత్తారు. నా పెట్టె కూడా సర్దుకుని గుమ్మంలో పెట్టాను.

అమ్మగారు ఆ పెట్టె వైపు చూసింది. "నువ్వు రానక్కర్లేదు" అంది.

నేను జోకు అనుకున్నాను.

"ఆ ముసలావిడ మీద నాకు కోపం లేదు. ఏం చేస్తుందో దాచకుండా చెప్పింది. నువ్వు మూడు నెలలు నా ఎదురుగా కూచుని, నా అన్నం తిని, నవ్వుతూ అబద్ధాలు చెప్పావు. నా బిడ్డకి ఆ గీత గీసింది ఆవిడ కాదు. నువ్వు."

అప్పుడు నాకొచ్చిన కోపం ఇంటాయన మీద కూడా రాలేదు. నన్ను నూతిలోంచి లాగనన్న మనిషి నిజాయితీ గలది, నేను దొంగని! ఆవిడకి దాచుకోవలసిన అవసరమేముంది? ఇల్లు ఆవిడది, నుయ్యి ఆవిడది, అరుగు ఆవిడది. నిజం చెప్పినా ఆవిడ పోగొట్టుకునేది ఒక చేద నీళ్ళు. నేను నిజం చెప్పిన నాలుగో రోజుకి నా పెట్టె గుమ్మంలో ఉంది. నేను తెలుగులో అరిచాను. ఏం అరిచానో అంతా గుర్తుంది.

"మీకు మూడు నెలలమ్మా! నాకు పుట్టిన దగ్గర్నుంచి! మీరొక్క రోజు చూసి ఓర్చుకోలేకపోయారే, నేను రోజూ ఓర్చుకుని మిమ్మల్ని ఉండనిచ్చానే, అది అబద్ధమా? మీకు పోవడానికి చల్లపల్లుంది, మనీలా ఉంది, ఓడలున్నాయి. నేనెక్కడికి పోను? గీత నేను గీశానా? నేను గీశానా అది?"

వీధిలో వాళ్ళు ఆగి చూశారు. అమ్మగారు బిత్తరపోయింది. అంత గట్టిగా నేను మాట్లాడగా ఆవిడ ఎప్పుడూ వినలేదు. తల పక్కకి వాల్చి, ఎప్పట్లాగే నన్నడిగింది, "ఏమంటున్నావు?"

ఆ మాటలన్నీ చెప్పడానికి నా ఇంగ్లీషు చాలదు. చాలినా చెప్పేదాన్ని కాదు. ఇటు మాట అటూ, అటు మాట ఇటూ మోసే పని నాది అయిపోయింది. ఇంగ్లీషులో ఒక్క మాటే అన్నాను.

"తెలుగు నేర్చుకోండి."

పెట్టె ఎత్తుకుని బస్టాండు వైపు నడిచాను. జీపు నన్ను దాటుకుని పోయింది. అప్పటికే మొవ్వ బస్సు నిండిపోయింది. దారంతా నిలబడే వచ్చాను.